జ్వరం వికటించినప్పుడు

మొన్నటి దాకా పొలం గట్టున తిరిగిన మనిషి ఉత్త జ్వరానికి ఎలా పోతాడు? పాము కాటు కాదు, గుండెపోటు కాదు, రోడ్డు ప్రమాదం కాదు, జ్వరమే కదా అన్న ఈ ప్రశ్న హుజూర్‌నగర్ చుట్టుపక్కల ఊళ్లలోనే కాక, తెలుగునాట ఏ చావింటి దగ్గరైనా వినిపించేదే. ఒళ్లంతా విషం పాకిందని కొందరు, ఇన్‌ఫెక్షన్ రక్తంలో కలిసిందని కొందరు, పెద్దాసుపత్రికి తీసుకుపోయేసరికే చెయ్యి దాటిపోయిందని మిగిలినవారు దానికి జవాబు చెప్పుకుంటారు. మూడింటిలోనూ నిజం పాలు ఉంది. అయితే మనిషిని చంపేది సూక్ష్మజీవి విడిచే విషం ఒక్కటే కాదని, దానిని తరిమేందుకు శరీరం సాగించే పోరే హద్దు మీరి సొంత అవయవాలను దెబ్బతీస్తుందని ఈ జవాబుల్లో ఏదీ చెప్పదు.

వైద్యులు ఈ స్థితిని సెప్సిస్ అంటారు. కుళ్లిపోవడం అనే అర్థంలో ప్రాచీన గ్రీకు వైద్యులు వాడిన మాట అది. రక్తం చెడింది, విషమెక్కింది అన్న భావన శతాబ్దాల పాటు దానిని అంటిపెట్టుకునే ఉంది. 2016లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం నిర్వచనాన్ని తిరగరాసి, ఇన్‌ఫెక్షన్‌కు శరీరం ఇచ్చే ప్రతిస్పందన అదుపు తప్పి అవయవాలు ప్రాణాపాయకరంగా దెబ్బతినడమే సెప్సిస్ అని తేల్చింది. తెలుగులో దీనిని ‘వికటించిన రక్షణ’ అనుకోవచ్చు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమన్న సామెత ఈ రోగానికి సరిపోయినంతగా మరే రోగానికీ సరిపోదు. ఆ ఎలుక ఎక్కడి నుంచైనా రావచ్చు: న్యుమోనియా పట్టిన ఊపిరితిత్తి, రాయి అడ్డుపడిన మూత్రనాళం, షుగరు రోగి కాలి పుండు, కాన్పు తర్వాత శుభ్రపడని గర్భాశయం, పొలంలో కుట్టిన ఒక చిన్న పురుగు.

2020 జనవరిలో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం 2017లో ప్రపంచమంతటా 4 కోట్ల 89 లక్షల మందికి సెప్సిస్ రాగా, 1 కోటి 10 లక్షల మంది దానితో మరణించారు. అంటే ఆ ఏడాది సంభవించిన ప్రతి ఐదు మరణాల్లో ఒకటి దీని ఖాతాలోనిదే. ఇంత పెద్ద హంతకి పేరు జనానికి తెలియకపోవడానికి కారణం మరణ పత్రంలో అది తరచు వేరే పేర్లతో, న్యుమోనియాగానో కిడ్నీలు ఫెయిలవడంగానో నమోదు కావడమే. సెప్సిస్ మీద పాఠ్యగ్రంథాలు చాలావరకు సంపన్న దేశాల ఐసీయూలలో కూర్చుని రాసినవి కాగా, రోగుల్లో అత్యధికులు మాత్రం వెంటిలేటరు గాని, పడకకొక నర్సు గాని లేని ఆసుపత్రుల గుమ్మం ఎక్కుతారు. హుజూర్‌నగర్ వంటి పట్టణానికి సూర్యాపేట గంట దూరం, హైదరాబాదు దాదాపు నాలుగు గంటల దూరం. మఠంపల్లి, మేళ్లచెరువు, చింతలపాలెం వైపు తండాల నుంచి వచ్చేవారికి హుజూర్‌నగర్ చేరడమే ఒక ప్రయాణం. అలాంటి చోట ఏం చేస్తే రోగి బతుకుతాడన్న ప్రశ్నకు గత పదిహేనేళ్లలో దొరికిన జవాబులు పెద్ద ఐసీయూలలో స్థిరపడిన కొన్ని నమ్మకాలను సైతం కదిలించాయి.

గండి పడిన కాలువ

శరీరంలో జరిగేది తెలియాలంటే నాగార్జునసాగర్ ఎడమ కాలువను తలచుకోవడం మేలు. కాలువలో తగినంత మట్టంతో నీరు పారుతున్నంత కాలం తూముల గుండా పిల్లకాలువలకు, వాటి నుంచి చివరి మడికి నీరు చేరుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో కురిసిన కుండపోత వానలకు నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం దగ్గర ఈ కాలువకు గండి పడినప్పుడు, గండి పక్కనున్న పొలాలు మునిగిపోగా దిగువ ఆయకట్టు నీటికోసం ఎదురుచూడవలసి వచ్చింది. నీరు లేకపోవడం వల్ల కాదు, ఉన్న నీరు చేరవలసిన చోటికి చేరకపోవడం వల్ల వచ్చిన కరువు అది.

సెప్సిస్‌లో రక్తప్రసరణకు పట్టే గతి కూడా అదే. సూక్ష్మజీవిని పట్టుకునేందుకు తెల్లకణాలు విడుదల చేసే రసాయనాలు రక్తనాళాలను వెడల్పు చేస్తాయి. వాపు వచ్చిన చోటికి రక్తం ఎక్కువగా రావడానికి ఉద్దేశించిన ఏర్పాటు అది. కాలిలోని ముల్లు చుట్టూ అది జరిగితే మేలే, ఒళ్లంతా ఒకేసారి జరిగితే మాత్రం ఉన్న నీటికి కాలువ మరీ వెడల్పై మట్టం పడిపోతుంది. వెంట్రుక కన్నా సన్నని కేశనాళికల గోడలు జల్లెడలా మారి, రక్తంలోని ద్రవం బయటి కండలోకి, ఊపిరితిత్తుల తిత్తుల్లోకి ఊరిపోతుంది, ఇవే గండ్లు. మరికొన్ని నాళికల్లో రక్తం గడ్డకట్టి పూడిక పడుతుంది. మట్టం పడిపోయి, గండ్లు పడి, పూడిక చేరిన కాలువ చివర ఎండే పొలాలే మూత్రపిండాలు, మెదడు, చర్మం.

అందుకే రోగి మూత్రం తగ్గుతుంది, మాట తికమకపడుతుంది, జ్వరంతో ఒళ్లు కాలుతున్నా పాదాలు చల్లబడతాయి. ప్రాణవాయువు అందని కణాలు ల్యాక్టిక్ ఆమ్లాన్ని ఉత్పత్తి చేస్తే, రక్తంలో పెరిగిన ఆ ఆమ్లాన్ని సరిచేయడానికి బొగ్గుపులుసు వాయువును ఎక్కువగా బయటికి నెట్టవలసి వచ్చి ఊపిరి వేగమెత్తుతుంది. ఊపిరితిత్తుల్లో ఏ జబ్బూ లేని రోగి కూడా ఆయాసపడటానికి కారణం అదే. రక్తపోటు చివరికి కుప్పకూలి, నాళాలను బిగించే మందు లేకుండా నిలబడని దశను సెప్టిక్ షాక్ అంటారు. ఇంటివాళ్లు కంగారుపడేది సాధారణంగా ఆ దశలోనే, శరీరం మాత్రం అంతకు చాలా గంటల ముందే తన కష్టాన్ని ఊపిరి వేగంతో చెబుతూ ఉంటుంది.

ఊపిరిని లెక్కపెట్టడం

రక్తంలో ల్యాక్టేట్ కొలిచే యంత్రం, సూక్ష్మజీవిని పెంచి గుర్తించే కల్చర్ పరీక్ష, ఇరవై నాలుగు గంటల ల్యాబు, ఇవన్నీ ఉంటే మంచిదే. అవి లేనప్పుడు పనికివచ్చేలా 2016 నాటి నిపుణులు మూడు గుర్తులను ఎంచారు: నిమిషానికి ఊపిరి 22 గాని అంతకు మించి గాని ఉండటం, రక్తపోటులో పై అంకె 100 గాని అంతకు దిగువ గాని ఉండటం, స్పృహలో తేడా రావడం. ఇన్‌ఫెక్షన్ ఉన్న మనిషిలో వీటిలో రెండు కనిపిస్తే ప్రమాదం ముంచుకొస్తున్నట్టే. అయితే ఈ మూడు గుర్తులు లేనంత మాత్రాన సెప్సిస్ లేదని తీర్మానించరాదని, కేవలం వీటినే నమ్ముకుంటే చాలామంది రోగులు తప్పిపోతారని 2021 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు హెచ్చరించాయి. ఉదయం 18 ఉన్న ఊపిరి మధ్యాహ్నానికి 26 అయితే, ఆ ఎనిమిది ఊపిర్ల తేడాను పట్టుకోగలిగేది రెండుసార్లు లెక్కపెట్టినవారే.

ఊపిరి లెక్క పైసా ఖర్చులేని పరీక్ష కావడమే దాని దురదృష్టం. జ్వరం, నాడి, రక్తపోటు యంత్రాలు చూపించే అంకెలు కాబట్టి అవి కేసుషీటులో ఒక్కో రోగికి ఒక్కో విధంగా ఉంటాయి. ఊపిరి దగ్గరికి వచ్చేసరికి వార్డు మొత్తానికి 18 లేదా 20 అని రాసి ఉండటం వైద్యవృత్తిలో ఉన్నవారికి కొత్త సంగతి కాదు. వార్డులోని ముప్ఫై మంది ఒకే తాళంలో ఊపిరి పీల్చుకోవడం సృష్టిలో ఎక్కడా జరగదు గనుక, ఆ అంకె లెక్కించినది కాదు, ఊహించినది. ఒక నిమిషం పాటు నిలబడి ఛాతీ లేవడాన్ని చూడటానికి తీరిక లేనంతగా ఒక్క నర్సు మీద అంతమంది రోగులను పడవేసిన వ్యవస్థది ఇందులో ప్రధాన దోషం.

ప్రాణహితకు అవతలి గట్టున ఉన్న మహారాష్ట్ర జిల్లా గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు అంకెలు రాని మంత్రసానుల చేత సైతం ఈ పని చేయించారు. ఒక నిమిషంలో జారిపోయే ఇసుక గడియారాన్ని, పూసలు గుచ్చిన చట్రాన్ని కలిపి వారు ఒక పరికరం తయారు చేశారు. బిడ్డ పది ఊపిర్లు తీసినప్పుడల్లా ఒక పూసను పక్కకు జరపాలి, ఇసుక పూర్తిగా జారకముందే ఎర్రపూస వంతు వస్తే అది న్యుమోనియా. అదే జిల్లాలో గ్రామీణ మహిళలకు శిక్షణ ఇచ్చి, పసిగుడ్డుల్లో సెప్సిస్‌ను గుర్తించి ఇంటి దగ్గరే జెంటామైసిన్ సూది వేసే ఏర్పాటు చేసిన 39 గ్రామాల్లో, ఆ ఏర్పాటు లేని గ్రామాలతో పోలిస్తే నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గినట్టు 1999లో లాన్సెట్ ప్రచురించింది.

ఊపిరి లెక్కకు తోడు మరొక పరీక్ష ఉంది, దీనికి కావలసినది ఒక గాజు పలక, వాచీ. రోగి కుడి చూపుడువేలి కొసను, లోపలి కండ తెల్లబడేవరకు, సూక్ష్మదర్శినికి వాడే గాజు పలకతో నొక్కి పది సెకన్లు అలాగే ఉంచాలి. వదిలిన తర్వాత తెల్లబడిన చోటికి తిరిగి రంగు రావడానికి మూడు సెకన్లకు మించి పడితే చివరి మడికి నీరు అందడం లేదని అర్థం. కేశనాళికలు తిరిగి నిండే ఈ వ్యవధిని ‘రంగు తిరిగే వేళ’ అనవచ్చు. లాటిన్ అమెరికాలోని అయిదు దేశాలకు చెందిన 28 ఐసీయూలలో 424 మంది షాక్ రోగుల మీద జరిగి 2019లో వెలువడిన ఆండ్రోమెడా–షాక్ పరిశోధనలో, ల్యాక్టేట్ పరీక్షను బట్టి చికిత్స పొందినవారిలో 28 రోజుల్లోపు 43.4 శాతం మంది మరణించగా, వేలికొస పరీక్షను బట్టి చికిత్స పొందినవారిలో 34.9 శాతం మంది మరణించారు. ఈ తేడా కాకతాళీయం కావచ్చన్న అనుమానం గణాంకాల రీత్యా పూర్తిగా తొలగలేదు గాని, గాజు పలక ఖరీదైన యంత్రానికి తీసిపోలేదని మాత్రం రుజువైంది. చలిగా ఉన్న గదిలో గాని, మసక వెలుతురులో గాని ఈ పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది కాబట్టి వేలిని వెచ్చగా ఉంచి, వెలుగులో చూడాలి.

సెలైన్ సీసా: మందూ, ముప్పూ

తెలుగునాట సెలైన్ సీసాకు ఉన్నంత గౌరవం మరే మందుకూ లేదు. ఒక బాటిల్ ఎక్కిస్తే లేచి కూర్చుంటాడన్న నమ్మకంతో ఆర్‌ఎంపీ దగ్గర బల్ల మీదనో, ఇంట్లో మంచం పక్కన మేకుకు వేలాడదీసో ఎక్కించే సీసాలకు లెక్క లేదు. వాంతులు, విరేచనాలతో ఎండిపోయిన మనిషికి అది నిజంగానే ప్రాణం పోస్తుంది. ఆ అనుభవమే అన్ని జబ్బులకూ వర్తిస్తుందనుకోవడంలో చిక్కు వస్తుంది.

సెప్టిక్ షాక్‌లో తొలి మూడు గంటల్లో శరీర బరువులో ప్రతి కిలోకు 30 మిల్లీలీటర్ల ద్రవం ఎక్కించాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతూ వచ్చాయి. అరవై కిలోల మనిషికి అది దాదాపు నాలుగు అర లీటరు సీసాలు. ఈ సూత్రాన్ని పేద దేశాల ఆసుపత్రుల్లో పరీక్షించినప్పుడు ఎవరూ ఊహించని ఫలితాలు వచ్చాయి. కెన్యా, ఉగాండా, టాంజానియాలలో తీవ్ర జ్వరంతో, ప్రసరణ మందగించి వచ్చిన 3,141 మంది పిల్లల మీద జరిపిన ఫీస్ట్ పరిశోధన 2011లో ప్రచురితమైంది. వేగంగా ద్రవం ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లోపు మరణాలు సుమారు 10.5 శాతం ఉండగా, నెమ్మదిగా మామూలు మోతాదు ఇచ్చిన పిల్లల్లో అవి 7.3 శాతమే. జాంబియా రాజధాని లుసాకాలోని బోధనాసుపత్రిలో పెద్దవారి మీద జరిగి 2017లో వెలువడిన పరిశోధనలోనూ, సూత్రం ప్రకారం ద్రవాలు పుష్కలంగా ఎక్కించినవారిలో 48.1 శాతం మంది మరణించగా, మామూలు వైద్యం పొందినవారిలో మరణాలు 33 శాతంగా నమోదయ్యాయి. జాంబియా రోగుల్లో అత్యధికులు హెచ్‌ఐవీ బాధితులు కావడం, రక్తహీనత, పోషకాహార లోపం ఎక్కువగా ఉండటం వల్ల ఈ అంకెలను ఉన్నదున్నట్టుగా హుజూర్‌నగర్‌కు తెచ్చి అతికించలేం. కాని వాటి వెనకనున్న కారణం ఎక్కడైనా ఒకటే. గండి పూడ్చకుండా పైనుంచి ఎంత నీరు వదిలినా చివరి మడి తడవదు, గండి పక్కనున్న పొలమే ఇంకా మునుగుతుంది. ఆ మునిగే పొలం ఊపిరితిత్తి. వెంటిలేటరు ఉన్నచోట నీరు నిండిన ఊపిరితిత్తిని యంత్రం ఆదుకుంటుంది, లేనిచోట ఆ అదనపు రెండు సీసాలే మనిషిని ముంచుతాయి. 2021 మార్గదర్శకాలు 30 మిల్లీలీటర్ల సూత్రాన్ని గట్టి ఆదేశం నుంచి బలహీనమైన సూచన స్థాయికి తగ్గించాయి.

కాబట్టి సెలైన్ వద్దని కాదు, ఒక్కొక్క సీసా తర్వాత ఆగి చూడాలని అర్థం. రంగు తిరిగే వేళ తగ్గిందా, మూత్రసంచిలోకి గంటకు కిలోకు అర మిల్లీలీటరు చొప్పున, అంటే యాభై కిలోల మనిషికి 25 మిల్లీలీటర్లయినా మూత్రం వస్తోందా, వీపు మీద స్టెతస్కోపు పెడితే కొత్తగా గరగర వినిపిస్తోందా, ఊపిరి వేగం పెరిగిందా? గరగర వినిపించిన చోట సెలైన్ ఆపవలసిందే.

అప్పుడు గండ్లు పడిన నాళాలను కొంతైనా బిగించే నార్‌అడ్రినలిన్ వంతు వస్తుంది. మెడ దగ్గరి పెద్ద సిరలోకి గొట్టం దించితే తప్ప ఈ మందు ఇవ్వరాదని, దానికి ఐసీయూ ఉండి తీరాలని చాలాకాలం అనుకున్నారు. మోచేతి దగ్గరి మంచి సిర గుండా మామూలు కాన్యులాతోనే దానిని మొదలుపెట్టవచ్చునని, పెద్ద గొట్టం కోసం ఆలస్యం చేయడమే ఎక్కువ హాని అని ఇప్పుడు మార్గదర్శకాలు అంగీకరిస్తున్నాయి. బ్యాంకాక్‌లోని సిరిరాజ్ ఆసుపత్రిలో 310 మంది మీద జరిపి 2019లో ప్రచురించిన పరిశోధనలో ఈ మందును తక్కువ మోతాదులో మొదటే ప్రారంభించినవారిలో 76.1 శాతం మందికి ఆరు గంటల్లో షాక్ అదుపులోకి రాగా, ఆలస్యంగా ఇచ్చినవారిలో 48.4 శాతం మందికే వచ్చింది. ఇన్‌ఫ్యూజన్ పంపు లేనిచోట 60 చుక్కలు ఒక మిల్లీలీటరుగా పడే మైక్రోడ్రిప్ సెట్టుతో చుక్కలు లెక్కపెడుతూ ఇవ్వవచ్చు. అలా ఇచ్చేటప్పుడు సూది గుచ్చిన చోటును మాటిమాటికి చూడాలి, మందు సిర బయటికి కారితే చర్మం నల్లబడి చచ్చిపోతుంది.

ఏ మందు, ఏ నేలలో

షాక్‌లో ఉన్న రోగికి తగిన యాంటీబయాటిక్ ఆలస్యమైన ప్రతి గంటకూ బతికే అవకాశం సగటున 7.6 శాతం చొప్పున తగ్గినట్టు 2006లో వచ్చిన ఒక ప్రసిద్ధ పరిశీలన చెప్పింది. ఆ కచ్చితమైన అంకె మీద తర్వాత వాదాలు జరిగినా, షాక్ ఉంటే మందు గంటలోపు పడాలన్న విషయంలో ఏకాభిప్రాయం ఉంది. షాక్ లేక, ఇన్‌ఫెక్షనో కాదో తేలనప్పుడు మూడు గంటల వరకు వ్యవధి తీసుకుని పరీక్షించి నిర్ణయించవచ్చని 2021 మార్గదర్శకాలు అంటాయి.

ఆలస్యం కన్నా తక్కువగా చర్చకు వచ్చేది తగిన మందు ఏదన్న సంగతి, ఇక్కడ నేల స్వభావం తెలియాలి. జ్వరంతో వచ్చిన ప్రతి రోగికీ అలవాటుగా వేసే సెఫ్‌ట్రయాక్సోన్ సూది స్క్రబ్ టైఫస్ మీద పనిచేయదు. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి కనిపించనంత చిన్న పురుగుపిల్ల కుట్టడం వల్ల వచ్చే ఈ జ్వరం వానలు తగ్గి చలి మొదలయ్యే కాలంలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఏటా కనిపిస్తుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కాలేయం, మూత్రపిండాలు ఒకదాని వెంట ఒకటి దెబ్బతింటాయి. పురుగు కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కట్టిన మచ్చ ఉంటుంది. అది చంకలోనో, గజ్జల్లోనో, మొలతాడు కట్టే చోటనో, రొమ్ము కిందనో దాగి ఉంటుంది కాబట్టి బట్టలు తొలగించి వెతికితే తప్ప కనబడదు. అందరి ఎదుట, తెర లేని వార్డులో ఆడవారిని అలా పరీక్షించడం కుదరదు. ఒక పాత చీరను తెరగా కట్టడం కూడా ఇక్కడ రోగనిర్ధారణ పరికరమే.

స్క్రబ్ టైఫస్‌కు మందు డాక్సీసైక్లిన్. అది టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందింది. ఆ కుటుంబంలో తొలిబిడ్డ అయిన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాల నుంచి వెలువడినప్పుడు అక్కడి పరిశోధనలకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మట్టిలోని శిలీంధ్రం వంటి జీవి నుంచి దానిని వెలికితీసినవాడు ఆయన కింద పనిచేసిన బెంజమిన్ డగ్గర్. ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశాడు. తీవ్రమైన స్క్రబ్ టైఫస్‌లో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండింటినీ కలిపి సిరలోకి ఇస్తే ఏదో ఒకటే ఇచ్చినదాని కన్నా మేలని భారతీయ ఆసుపత్రుల్లో జరిగి 2023లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. మరణాలు కాక, చిక్కులు తగ్గడంలో ఆ మేలు ప్రధానంగా కనిపించింది.

నేల నుంచే వచ్చే మరొక జబ్బు మెలియాయిడోసిస్. తడి మట్టిలో, వరి మడుల్లో బతికే సూక్ష్మజీవి కాలి పగుళ్ల గుండానో, ఊపిరి గుండానో లోపలికి చేరి, ముఖ్యంగా షుగరు రోగుల్లో ఊపిరితిత్తుల నుంచి కాలేయం దాకా చీము గడ్డలు లేపుతుంది. 2025లో గుంటూరు జిల్లా తురకపాలెంలో వరుసగా మరణాలు సంభవించాక ఈ పేరు తెలుగు పత్రికల్లోకి ఎక్కింది. దీనికి సెఫ్టాజిడైమ్ లేదా మెరోపెనమ్ కావాలి, ఆ తర్వాత నెలల తరబడి మాత్రలు మింగాలి. కాలువ కింద వరి పండే ప్రాంతంలో షుగరున్న రైతుకు జ్వరం తగ్గకపోతే ఈ జబ్బును తలచుకోవాలి. తొలి సూది వేయకముందే కల్చర్ సీసాలోకి కొంత రక్తం తీసి పెద్ద ల్యాబుకు పంపితే రెండు మూడు రోజుల్లో దిక్కు తెలుస్తుంది.

ఇవన్నీ సరే, చీము ఉన్నచోట ఏ మందూ నిలవదు. కుళ్లిన కాలివేలిని కోసి శుభ్రం చేయకుండా, మూత్రనాళంలో అడ్డుపడిన రాయికి దారి చూపకుండా, గర్భాశయంలో మిగిలిన మాయ ముక్కను తీయకుండా ఖరీదైన సూదులు మార్చుకుంటూ పోవడం పుల్లను అలాగే ఉంచి పుండుకు పట్టీ మార్చడంతో సమానం.

ఇక మందులకు లొంగని సూక్ష్మజీవుల సంగతి. 35 భారతీయ ఐసీయూలలో 680 మంది రోగులను పరిశీలించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో సగానికి పైగా రోగుల్లో సెప్సిస్ కనిపించింది, వారిలో దాదాపు సగం మందిలో సోకినవి పలు మందులకు లొంగని క్రిములు. పల్లెలో రెండు రోజులు ఒక సూది, పట్టణంలో రెండు రోజులు మరొక సూది వేయించుకుని, తగ్గినట్టనిపించగానే ఆపేసే అలవాటుకు ఇందులో వాటా ఉంది.

ప్రాణవాయువు లెక్క

కొవిడ్ విరుచుకుపడిన 2021 వేసవి తర్వాత ఆక్సిజన్ అంటే ఏమిటో ఎవరికీ చెప్పనవసరం లేకపోయింది. కాని సిలిండరు లెక్క తెలిసినవారు ఇప్పటికీ తక్కువే. ఆసుపత్రుల్లో నిలువెత్తున కనిపించే పెద్ద డి–రకం సిలిండరులో సుమారు 7,000 లీటర్ల వాయువు ఉంటుంది. నిమిషానికి 10 లీటర్ల చొప్పున వాడితే అది దాదాపు పదకొండున్నర గంటలు వస్తుంది. 1,500 లీటర్లుండే చిన్న బి–రకం సిలిండరు అదే వేగంతో రెండున్నర గంటల్లో ఖాళీ అవుతుంది. హుజూర్‌నగర్ నుంచి సూర్యాపేటకు అది చాలుతుంది, హైదరాబాదుకు చాలదు. వేలికి తొడిగే ఆక్సీమీటరులో 94 ఉన్న రోగికి 10 లీటర్లు వదలడం పక్క మంచం మీద 82తో ఉన్న రోగి నోటి దగ్గరిది తీసివేయడమే అవుతుంది.

బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలోని అంతర్జాతీయ అతిసార పరిశోధన కేంద్రంలో డాక్టర్ మొహమ్మద్ జోబాయెర్ చిశ్తీ ఒక షాంపూ సీసాలో నీరు పోసి, బిడ్డ ఊపిరి వదిలే గొట్టపు కొసను అందులో ముంచి ఉంచాడు. ఊపిరి బుడగలుగా బయటికి పోవలసి రావడంతో ఊపిరితిత్తుల్లో కొద్దిపాటి ఒత్తిడి నిలిచి, చిన్న గాలితిత్తులు మూసుకుపోకుండా తెరిచి ఉంటాయి. 2015లో వెలువడిన ఆ పరిశోధనలో మామూలు పద్ధతిలో ఆక్సిజన్ ఇచ్చిన పిల్లల్లో 15 శాతం మంది మరణిస్తే, బుడగల పద్ధతిలో 4 శాతం మంది మరణించారు. అయితే ఆ సీసా పక్కన శిక్షణ పొందిన నర్సులు, వైద్యులు ఉన్నారన్న సంగతిని షాంపూ సీసాను మెచ్చుకునేవారు తరచు మరచిపోతారు.

అంబులెన్సు ఎక్కే ముందు

తెలుగు ప్రాంతంలో అత్యవసర వైద్యానికి రెండు పెద్ద ఏర్పాట్లు జరిగాయి. 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరంభమైంది. మొదటిది రోగిని మోసుకుపోయేది, రెండవది పెద్దాసుపత్రి ఖర్చు భరించేది. ఆ తర్వాత పెద్దాసుపత్రే దగ్గరికి వచ్చింది: 2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్లగొండ, సూర్యాపేటలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఏర్పడ్డాయి. ఇన్ని జరిగినా, రోగి చిన్న ఆసుపత్రి గుమ్మం ఎక్కిన నిమిషం నుంచి పెద్దాసుపత్రి మంచం చేరేవరకు ఉన్న గంటలు ఎవరి ఖాతాలోనూ పడకుండా మిగిలిపోతున్నాయి. సెప్సిస్‌లో చావుబతుకులు తేలేది చాలావరకు ఆ గంటల్లోనే. పెద్దాసుపత్రికి రాసిచ్చి చేతులు దులుపుకోవడాన్ని వైద్యమనలేం. తొలి మోతాదు యాంటీబయాటిక్ వేసి, ఆక్సిజన్ పెట్టి, చక్కెర చూసి, సిరలో కాన్యులా ఉంచి, ఏ మందు ఎన్ని గంటలకు ఇచ్చారో, ఎంత సెలైన్ ఎక్కిందో చీటీపై రాసి పంపడమే వైద్యం.

కాన్పుల విషయంలో ఈ పద్ధతికి బలమైన రుజువు 2025లో దొరికింది. మలావీ, ఉగాండాలలోని 59 ఆసుపత్రుల్లో సాగిన ఏపీటీ–సెప్సిస్ కార్యక్రమం కొత్త యంత్రాలేవీ తేలేదు. చేతులు కడుక్కోవడం మొదలుకొని ద్రవాలు, యాంటీబయాటిక్, చీమును తొలగించడం, సకాలంలో పెద్దాసుపత్రికి పంపడం, పంపేవరకు కనిపెట్టి ఉండటం అన్నవాటిని క్రమం తప్పకుండా చేయించగా, ఇన్‌ఫెక్షన్ వల్ల తల్లుల మరణాలు, తీవ్ర అస్వస్థతలు కలిపి 32 శాతం తగ్గాయి.

ఐసీయూ పడకలకు రిబ్బను కత్తిరించినట్టు నర్సు నియామకానికి ఎవరూ కత్తిరించరు; అరగంటకోసారి వచ్చి చూసే మనిషి లేని ఐసీయూ పడక మామూలు పడక కన్నా ఖరీదైనదే తప్ప మెరుగైనది కాదు. ఆఫ్రికాలోని 22 దేశాల ఆసుపత్రుల్లో జరిగి 2025లో వెలువడిన సర్వేలో, చేరిన ప్రతి ఎనిమిది మంది రోగుల్లో ఒకరు ప్రాణాపాయ స్థితిలో ఉన్నారని, వారిలో మూడింట రెండు వంతులకు పైగా ఐసీయూలలో కాక మామూలు వార్డుల్లోనే ఉన్నారని తేలింది. మన వార్డులను ఆ కంటితో లెక్కించవలసిన పని మిగిలే ఉంది.

ఆ లెక్క వచ్చేలోగా ఇంటివాళ్లు చేయగలిగిన పని ఒకటుంది. జ్వరంతో పడుకున్న మనిషి దుప్పటి కాస్త తొలగించి, గోడ గడియారాన్ని గాని ఫోనును గాని చూస్తూ నిండా ఒక నిమిషం ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టాలి. పెద్దవారిలో అది 22కు చేరినా, మాట తేడాగా ఉన్నా, పూటంతా మూత్రం రాకపోయినా మరో సెలైన్ బాటిల్ కోసం మనిషిని పంపక, ఆ అంకెను, టైమును కాగితం మీద రాసుకుని 108కు ఫోను చేయాలి.